కొర్ర బియ్యం ప్యాకెట్ డబ్బాల వెనకే ఉండిపోయిందా? ఇలా మొదలుపెట్టండి

అనంతపురంలో నాకు తెలిసిన చాలా వంటిళ్లలో ఇప్పుడు ఒక వస్తువు కనిపిస్తుంది. సగం వాడి, మూతికి రబ్బరు బ్యాండు చుట్టి, డబ్బాల వెనక్కి తోసేసిన కొర్ర బియ్యం ప్యాకెట్. ఇంట్లో ఎవరికో షుగర్ వచ్చిందని తెచ్చి ఉంటారు. లేదా ఏదో హోటల్లో కొర్ర బిర్యానీ తిని, బాగుందే, ఇంట్లోనూ చేద్దాం అనుకుని తెచ్చి ఉంటారు. ఒక్కసారి వండారు. అన్నం జావలా ముద్దయిపోయింది, లేదా పలుకు పలుకుగా గొంతుకు అడ్డం పడింది. పిల్లలు కంచం పక్కకు నెట్టారు. ఆ రోజుతో ప్యాకెట్ కథ అయిపోయింది.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ప్యాకెట్ మీద ఎలా వండాలో సరిగా రాయలేదు, నేను సోనామసూరికి పోసినట్టే నీళ్లు పోశాను. తప్పు కొర్రలది కాదు, వండే పద్ధతిది. ఆ పద్ధతి మన పెద్దవాళ్లకు తెలుసు, మధ్యలో ఒకటి రెండు తరాలు మరిచిపోయాయి. దాన్ని మళ్లీ చేతికి తెచ్చుకోవడం కోసమే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు హోటళ్లలో చిరుధాన్యాల గాలి వీస్తోంది. కర్నూలు నుంచి అనంతపురం మీదుగా బెంగళూరు పోయే 44వ నంబరు హైవే మీద రాగి సంగటి, నాటుకోడి పులుసు అని బోర్డులు కనిపిస్తాయి. టౌన్లలో రాగి దోశ, సామల పొంగలి, కొర్ర బిర్యానీ మెనూల్లోకి వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం 2018ని జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా, మన దేశం ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాయి. ఆ ఊపు హోటళ్లకూ, సూపర్ మార్కెట్లకూ చేరింది.

మన సీమకు మాత్రం ఇది కొత్త తిండి కాదు. వాన తక్కువ పడే నేల మనది. ఈ నేల మీద జొన్న, కొర్ర, రాగి, సజ్జ పండేవి, ఇంట్లో అవే ఉడికేవి. వరి అన్నం పండగకో, చుట్టం వస్తేనో. మా అవ్వ చిన్నప్పుడు పొరుగింట్లో వరి అన్నం వండితే ఆ వాసన పట్టుకుని పిల్లలంతా ఆ వాకిట్లో చేరేవాళ్లమని చెప్పేది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం 2 రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టాక పేదింట్లోనూ రోజూ అన్నం ఉడికింది. అది ఆకలి తీర్చిన పని, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. మరోపక్క అనంతపురం పొలాల్లో చెనక్కాయ (వేరుశనగ) పెరిగింది, కొర్ర చేలు తగ్గాయి. వండేవాళ్లు తగ్గేసరికి వండే తెలివీ తగ్గింది.

ముందు సరైనది కొనండి

అంగట్లో కొర్రలు అని అడిగితే రెండు రకాలు ఇస్తారు. పొట్టుతో ఉన్న గింజ ఒకటి, పొట్టు తీసిన కొర్ర బియ్యం ఒకటి. పొట్టుతో ఉన్నది మెరుస్తూ, నున్నగా ఉంటుంది. అది విత్తనానికీ పిట్టలకూ పనికొస్తుంది కానీ అన్నానికి కాదు. మీకు కావాల్సింది కొర్ర బియ్యం. "బియ్యమా, పొట్టుతోటివా" అని నోరు తెరిచి అడగండి.

కొర్ర బియ్యంలోనూ తేడాలున్నాయి. బాగా పాలిష్ పట్టింది లేత పసుపులో, దాదాపు తెల్లగా ఉంటుంది. తక్కువ పట్టింది ముదురు పసుపులో, కొంచెం మసకగా ఉంటుంది. పీచు ఎక్కువగా పైపొరలోనే ఉంటుంది కాబట్టి పీచు కోసం తినేవాళ్లు మసకగా ఉన్నదే తీసుకోవాలి. కాకపోతే ఆ పైపొరలోనే నూనె కూడా ఉంటుంది, నిలవుంటే అది కనరు వాసన కొడుతుంది. అందుకే పెద్ద మూట కొనొద్దు. మొదటిసారి అర కిలో, అలవాటయ్యాక నెలకు సరిపడా. కొనేముందు గుప్పెడు చేతిలోకి తీసుకుని వాసన చూడండి. పాత నూనె వాసన వస్తే వదిలేయండి, ఎంత కడిగినా చేదు పోదు. పిండి విషయంలో ఇంకా జాగ్రత్త. సజ్జ పిండి పట్టించిన వారం పది రోజుల్లోనే చేదెక్కుతుంది.

ఈ గింజ మన దగ్గరే పండుతుంది. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం కొర్రలో పేరున్న కేంద్రం, 'సూర్యనంది' రకం అక్కడి నుంచి వచ్చిందే, 70, 75 రోజుల్లో కోతకొస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర తింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్లు రైతులతో కలిసి చాలా ఏళ్లుగా చిరుధాన్యాలు పండించి అమ్ముతున్నారు. దగ్గర్లో పండించే రైతు తెలిస్తే ఆయన దగ్గరే కొనండి. డబ్బు ఆయనకే నేరుగా పోతుంది, గింజ కూడా కొత్తది దొరుకుతుంది.

కొర్ర అన్నం: ఇక్కడే అందరూ తప్పు చేస్తారు

నలుగురికి ఒకటిన్నర గ్లాసు కొర్ర బియ్యం చాలు. వరి బియ్యం కన్నా తక్కువ తింటేనే కడుపు నిండుతుంది.

మొదట చాటలో పోసి చెరగండి, తర్వాత గాలించండి. గింజ చిన్నది, ఇసుక రాళ్లూ అంతే చిన్నవి, కంటికి దొరకవు. గిన్నెలో నీళ్లు పోసి, గిన్నెను మెల్లగా ఊపుతూ గింజను నీళ్లతో పాటు ఇంకో గిన్నెలోకి వంచుతూ పోవాలి. రాళ్లు అడుగున మిగులుతాయి. ప్యాకెట్ మీద శుభ్రం చేసినవని రాసి ఉన్నా నేను ఒకసారి గాలిస్తాను. ఒక్క రాయి పంటికింద పడితే పిల్లలు మళ్లీ ముట్టరు.

తర్వాత నానబెట్టాలి. దీన్ని వదిలేస్తే అన్నం చెడుతుంది. కొర్ర గింజ మీద ఉన్న పైపొర నీళ్లను తొందరగా లోపలికి పోనివ్వదు. నానబెట్టకుండా పొయ్యి మీద పెడితే పైన పగిలి జావవుతుంది, లోపల పలుకు మిగిలిపోతుంది. ముద్దగా ఉండి కూడా ఉడకనట్టు అనిపించేది అందుకే. తెల్లగా పాలిష్ పట్టినదానికి గంట చాలు. మసకగా ఉన్నదానికి నాలుగైదు గంటలు. పొద్దున వంటకు రాత్రే నానేస్తే ఇంకా నిశ్చింత.

నానిన నీళ్లు వంపేసి, గ్లాసు కొర్రకు కుక్కర్లో అయితే రెండు గ్లాసుల నీళ్లు, మామూలు గిన్నెలో అయితే రెండున్నర పోయండి. ఉప్పు, అర చెంచా నూనె. కుక్కర్లో మధ్యస్థం మంట మీద రెండు విజిల్స్. గిన్నెలో అయితే నీళ్లు మరిగాక గింజ వేసి, మళ్లీ పొంగు వచ్చాక మంట బాగా తగ్గించి మూత పెట్టండి, పది పన్నెండు నిమిషాలు. నీళ్లు ఇంకిపోయి పైన చిన్న చిన్న గుంటలు పడితే దించేయాలి.

దించాక పావుగంట మూత తీయొద్దు, గరిటె పెట్టొద్దు. ఆ ఆవిరి మీదే గింజ విడివిడిగా నిలబడుతుంది. వేడి మీద కలిపితే మెత్తబడి అతుక్కుంటుంది. నా మొదటి అన్నం చెడిపోయింది సగం నీళ్ల వల్ల, సగం ఈ తొందర వల్ల.

ఇంకో సంగతి. కొర్ర అన్నం చల్లారితే గట్టిపడుతుంది. కాబట్టి ఆఫీసుకు క్యారియర్ కడితే సాదా అన్నంగా కాకుండా పులిహోరగానో, పెరుగన్నంగానో కట్టండి. పెరుగన్నానికి నీళ్లు కొంచెం ఎక్కువ పోసి మెత్తగా ఉడికించి, పాలు కలిపి చివర్లో పెరుగు వేస్తే మధ్యాహ్నానికి కూడా మెత్తగా ఉంటుంది.

ఇంట్లో అలవాటు లేనివాళ్లుంటే మొదటి రోజే మొత్తం కొర్ర పెట్టకండి. మూడు గ్లాసుల సోనామసూరిలో ఒక గ్లాసు నానిన కొర్ర కలిపి, మీరు బియ్యానికి పోసే లెక్కకు అర గ్లాసు నీళ్లు ఎక్కువ పోసి వండండి. పప్పుతో, పుల్లగూరతో కలిపితే తేడా పెద్దగా తెలియదు. రెండు వారాలకు సగం సగం చేయండి. పీచు ఒక్కసారిగా పెరిగితే కడుపు ఉబ్బరిస్తుంది, కాబట్టి మెల్లగా పెంచడమే మంచిది, నీళ్లు కూడా బాగా తాగాలి.

రాగి సంగటి, ఉండలు కట్టకుండా

హోటల్లో ముద్ద చూసి ఇంట్లో చేయలేమనుకునేవాళ్లు చాలామంది. చేతికి రెండుసార్లు అలవాటైతే పెద్ద పని కాదు. నలుగురికి లెక్క ఇది: ఒక గ్లాసు బియ్యం లేదా నూకలు, ఐదు గ్లాసుల నీళ్లు, గ్లాసుంపావు రాగి పిండి, ఉప్పు. అడుగు మందంగా ఉన్న గిన్నె కావాలి. పల్చటి గిన్నెలో మాడిపోతుంది.

1. బియ్యం అరగంట నానబెట్టి, ఐదు గ్లాసుల నీళ్లలో ఉప్పు వేసి ఉడికించండి. మామూలు అన్నం కన్నా ఎక్కువ ఉడకాలి, మెతుకు నలిపితే నలిగిపోవాలి. అయినా గిన్నెలో గంజి ఇంకా కదులుతూ ఉండాలి. గంజి ఇంకిపోతే ఒక గ్లాసు వేడినీళ్లు పోయండి. చన్నీళ్లు వద్దు.

2. మంట తగ్గించి, పిండిని మధ్యలో కుప్పగా పోయండి. కలపకండి! ఉండలు కట్టేది ఇక్కడ తొందరపడి కలపడం వల్లే. కట్టెతో కుప్ప మధ్యలో అడుగుదాకా ఒక బొక్క పెట్టండి, ఆవిరి అందులోంచి పైకి వచ్చి పిండి లోపల కూడా ఉడుకుతుంది.

3. మూత పెట్టి సన్నని మంట మీద పది నిమిషాలు. పిండి రంగు ముదురుతుంది, పచ్చి వాసన పోయి కమ్మటి వాసన వస్తుంది.

4. గిన్నె దించి, కింద గుడ్డ వేసి, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు సంగటి కట్టెతో కెలకాలి. గిన్నె గోడకేసి నొక్కుతూ, ఒకే వైపుకు తిప్పుతూ. కట్టె లేకపోతే గట్టి చెక్క గరిటె, చపాతీ కర్ర అయినా సరే. స్టీలు గరిటెతో మాత్రం చేయి నొప్పి తప్ప సంగటి కలవదు.

5. తడి వేలితో సంగటిని తాకి చూడండి. వేలికి అంటకపోతే ఉడికినట్టు. అంటితే రెండు చెంచాల వేడినీళ్లు చల్లి, మూత పెట్టి ఇంకో మూడు నిమిషాలు సన్నని మంట మీద ఉంచండి.

గిన్నెకో, పళ్లానికో కొంచెం నెయ్యి రాసి, చెయ్యి తడి చేసుకుంటూ వేడి మీదే ముద్దలు చేయాలి. చల్లారాక చేస్తే పగుళ్లు వస్తాయి.

100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది, అంతే తెల్ల బియ్యంలో పది దగ్గరే. ఎదిగే పిల్లలకూ, ఎముకలు పలచబడే వయసుకు వచ్చిన పెద్దవాళ్లకూ వారంలో రెండుసార్లు సంగటి పెట్టమని నేను అంత గట్టిగా చెప్పేది అందుకే. 2023 మార్చిలో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజన పథకం కింద రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు నాకు నిజంగా సంతోషమనిపించింది. బడిలో రుచి అలవాటైన పిల్లలు ఇంట్లో సంగటిని కాదనరు.

సంగటికి నాటుకోడి పులుసే ఉండాలని లేదు. మామూలు రోజుల్లో ఊరిబిండి చాలు. గ్లాసు చెనక్కాయ విత్తనాలు దోరగా వేయించి పొట్టు తీయండి. చెంచా నూనెలో ఎనిమిది పచ్చిమిరపకాయలు, రెండు టమాటాలు మగ్గించండి. ఉప్పు, రెబ్బ చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి రోట్లో దంచండి. మిక్సీ అయితే ఆపి ఆపి రెండుమూడు తిప్పులే, మెత్తగా పేస్టు కాకూడదు. చివర్లో పచ్చి ఉల్లిపాయ వేసి ఒక దెబ్బ. చెనక్కాయ పలుకు నోటికి తగలాలి. గోంగూర, వంకాయ పులుసు, ఉలవచారు, పప్పు ఏదైనా సంగటితో పోతుంది.

జొన్న రొట్టె, దోశ, బిర్యానీ

కర్నూలు వైపు జొన్న రొట్టె ఇంకా బతికే ఉంది, నేర్చుకోవాలంటే అక్కడి ఏ పెద్దమ్మ దగ్గరైనా ఒక పూట కూర్చోండి. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. జొన్నలో గోధుమలో ఉండే జిగురు ఉండదు, కాబట్టి బాగా మరిగే నీళ్లు పోసి కలిపితేనే పిండికి పట్టు వస్తుంది. అరచేతి మొదలుతో ఐదు నిమిషాలు బాగా మర్దించి, పొడిపిండి చల్లి తట్టాలి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్లు పూయండి. అంచులు ఊరికే విరుగుతుంటే మీ చేతిని అనుకోకండి, పిండి పాతబడి జిగి పోయి ఉంటుంది.

దోశకు మూడు గ్లాసుల కొర్ర, ఒక గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు. నానబెట్టి రుబ్బి రాత్రంతా పులియబెట్టండి. మన ఎండల్లో ఆరేడు గంటలకే పొంగుతుంది, చూసుకోండి. పైన ఎర్ర కారం, పప్పుల పొడి వేస్తే ప్రొద్దుటూరు కారం దోశ రుచే వస్తుంది. పిల్లలకు కొర్ర రుచి చూపించాలంటే దోశ కన్నా సులువైన దారి లేదు.

బిర్యానీకి మాత్రం హోటల్ పద్ధతి తెలియాలి. కొర్రను పచ్చిగా మాంసంతో కలిపి దమ్ము పెడితే ముద్దవుతుంది. నానిన కొర్రను గ్లాసుకు ఒకటిన్నర గ్లాసు నీళ్లతోనే ముప్పాతిక వంతు ఉడికించి, వెడల్పు పళ్లెంలో పరిచి పూర్తిగా ఆరనివ్వండి. మాంసం, మసాలా వేరుగా ఉడికి, గ్రేవీ దగ్గరపడ్డాక దాని మీద కొర్రను పొరగా పరిచి పది నిమిషాల దమ్ము. బాసుమతిలా పొడుగు మెతుకు రాదు, అది ఆశించొద్దు. గ్రేవీని మాత్రం కొర్ర బాగా పీల్చుకుంటుంది, ఆ రుచి వేరు.

బయట తినేటప్పుడు, ప్యాకెట్ కొనేటప్పుడు

హోటల్లో చిరుధాన్యాల పేరుతో ఏది ఆర్డర్ చేసినా, ఇందులో ఎంత కొర్ర, ఎంత బియ్యం అని అడగండి. అడగడం తప్పు కాదు. నేనొకసారి రాగి దోశ అని తిన్నది గోధుమ రంగు కలిసిన మామూలు దోశే, ఎక్కువ డబ్బు ఇచ్చి వచ్చాను. మంచి హోటల్ వాళ్లు సంతోషంగా చెబుతారు.

నూడుల్స్, బిస్కెట్లు, రెడీ మిక్స్‌ల ప్యాకెట్ వెనక్కి తిప్పండి. మన దేశంలో పదార్థాల పేర్లు బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందు రాయాలి. ముందు వైపు పెద్ద అక్షరాల్లో రాగి అని ఉండి, వెనక మొదటి పేరు మైదానో, గోధుమ పిండో అయితే అది మైదా బిస్కెట్టే.

షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకు

కొర్ర అన్నం తెల్లన్నం కన్నా మెల్లగా అరుగుతుంది, షుగర్ ఉన్నవాళ్లకు మేలే. అలాగని మాత్ర మానేయొద్దు, పళ్లెం నిండా పెట్టుకోవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, గింజగా తిన్నదానికీ పిండి చేసి జావ కాచిందానికీ చాలా తేడా ఉంది. మెత్తటి పిండి జావ తొందరగా అరిగి షుగర్‌ను గబుక్కున పెంచవచ్చు. రోజూ పొద్దున రాగి జావ తాగుతూ షుగర్ ఎందుకు తగ్గట్లేదని టెన్షన్ పడేవాళ్లను చూశాను. ఇంట్లో మీటర్ ఉంటే, జావ తాగిన రెండు గంటలకు ఒకసారి, కొర్ర అన్నం పప్పు కూరలతో తిన్న రోజు ఒకసారి చూసుకోండి. మీ ఒంటికి ఏది పడుతుందో అంకెలే చెబుతాయి, ఆ అంకెలు డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లు సజ్జలు రోజూ తినే ముందు డాక్టరును ఒక్క మాట అడగాలి.

మొదటి వారం ఇలా

మంగళవారం పొద్దున దోశకు కొర్ర, మినప్పప్పు నానబెట్టి రాత్రి రుబ్బండి, బుధవారం పొద్దున దోశ. గురువారం మధ్యాహ్నం బియ్యంలో పావు వంతు కొర్ర కలిపిన అన్నం. ఆదివారం, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు, సంగటి. గిన్నె పట్టుకోవడానికి ఒకరు, కెలకడానికి ఒకరు కావాలి కాబట్టి ఆ పని పిల్లలకూ పంచండి. తాము కెలికిన సంగటిని వాళ్లు వద్దనరు.

రెండు ముద్దలు మిగిలితే పారేయకండి. మట్టి గిన్నెలోనో, గాజు గిన్నెలోనో వేసి, ముద్దలు మునిగేదాకా నీళ్లు పోసి, మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్ బయటే ఉంచండి. నడి ఎండాకాలమైతే మరీ పులవకుండా ఇంట్లో చల్లగా ఉండే మూలన పెట్టండి. పొద్దున చేత్తో పిసికి, చిక్కటి మజ్జిగ పోసి, ఉప్పు వేసి, నంజుకోవడానికి ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పొలానికి పోయేవాళ్లు మధ్యాహ్నం దాకా దాని మీదే ఉండేవాళ్లు.